ఆకు తీసిన చెరువు

"ఏమంటావురా ఏసోబూ, ఈ ఆకంతా తీసేస్తే చెరువుకేమన్నా నష్టమా?" అని మునసబు అబ్బాయిరాజుగారు ఊరి పెద్దల ముందు అడిగినప్పుడు ఏసోబు ఉన్నమాట చెప్పి ఉంటే, చెప్పుకోవడానికి ఈ కథే ఉండేది కాదు. చెప్పలేదు. చెప్పకపోవడానికి అతని దగ్గర కారణం ఉంది. ఎవరి దగ్గర మాత్రం ఉండదు?

ఊరు పాతగరువు. ఏలూరుకి దక్షిణాన, వానాకాలంలో కొల్లేటి నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ అంచున, కాస్త మెరక మీద ఉంది. ఎండలు ముదిరితే కొల్లేరు వెనక్కి పోయి బురద మిగులుతుంది. కాలవలు కట్టేస్తారు. మళ్ళీ కాలవ వదిలేదాకా ఊరికి తాగునీళ్ళంటే ఊరి చెరువే. పుంతదారికి అవతల ఏసోబు వాళ్ళ పేట. ఊళ్ళోవాళ్ళు దాన్ని మాలపల్లె అనేవారు. పేటలో ప్రార్థనలు నడిపే అహరోను ఉపదేశి మాత్రం సంఘం అనేవాడు. పేటకి వేరే చెరువుంది. ఊరి చెరువుతో పోలిస్తే అది గుంట కిందే లెక్క. అయినా పేటవాళ్ళ తాతలు తమ పలుగూ పారాతో తవ్వుకున్నది.

రెండు చెరువుల మీదా ఒకటే ఆకు, అంతరతామర. దాని వేరు మట్టిలో దిగదు. మొక్కకి మొక్క నీటి మీదే తేలుతూ ఉంటుంది, కింద నల్లటి వేళ్ళు జడలుగా వేలాడతాయి. రేవులో కడవ ముంచుకునేటప్పుడు చేత్తో తోస్తే పక్కకి జరిగి దారిస్తుంది, కడవ పైకి తియ్యగానే మళ్ళీ కమ్ముకుంటుంది. వైశాఖంలో ఎండ మాడ్చేస్తున్నా దాని కింద నీళ్ళు చల్లగా, తేటగా ఉంటాయి. పాతగరువులో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. అందరికీ తెలిసిందే కనక ఎవరూ దాన్ని గురించి మాట్లాడుకోరు.

అటువంటి ఊరికి ఏలూరు నుంచి హెల్తు ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. ఒక మొక్కని కర్రతో పైకెత్తి, తిరగేసి, వేళ్ళు చూపించి, "దోమపిల్లలు ఈ వేళ్ళని పట్టుకునే బతుకుతాయండి. ఆ దోమ కుట్టే మీకు బోదకాళ్ళు వస్తున్నాయి. ఇది తీయించెయ్యాలి" అన్నారు. మంచిమనిషే. మజ్జిగ ఇస్తే కూర్చుని తాగి, బాగుందన్నారు కూడా. ఎప్పుడు తియ్యాలో, ఎంత తియ్యాలో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. బండెక్కి వెళ్ళిపోయారు.

అబ్బాయిరాజుగారి తల్లి వెంకటనరసమ్మగారికి కుడికాలు బోదకాలు. ద్వారకా తిరుమల కొండ ఎక్కి స్వామిని చూడాలని ఆవిడకి ఎన్నాళ్ళనించో కోరిక, మెట్టంటే భయం. తల్లి కాలు ఎలాగూ బాగుపడదు, ఇంట్లో ఇంకెవరికీ రాకూడదని అబ్బాయిరాజుగారు పట్టు పట్టారు. ఈ ఎండాకాలంలోనే, కూలీలు ఖాళీగా ఉన్నప్పుడే తీయించెయ్యాలి. ఎప్పుడూ ఊరి పనులు చేయించే జగ్గారావు మేస్త్రీ తల గోక్కుని, "ఇంత ఎండలో నావల్ల కాదండి, నాలుగు వానలు పడనివ్వండి" అని తప్పుకున్నాడు. రాజుగారికి చిర్రెత్తింది. పశువులకి కుడితి తీసుకుపోతూ చెరువు గట్టు వెంట అటుగా వచ్చిన ఏసోబు ఆయన కంటపడ్డాడు.

"నువ్వు చేయిస్తావురా మేస్త్రీగా? మీ పేటవాళ్ళందర్నీ పెట్టుకో" అన్నారు. ఆ తరవాతే ఆ ప్రశ్న వేశారు.

ఏసోబు నెత్తిమీది కుడితి కుండ దించాడు. పేటలో అంతవరకూ ఎవరి పేరుకీ మేస్త్రీ అన్న మాట తగిలించి పిలవలేదు. ఊరి పెద్దలు, జగ్గారావుతో సహా, తనవైపే చూస్తున్నారు. అడిగినదానికి జవాబు 'నష్టమండి' అయితే ఈ మేస్త్రీగిరీ ఇక్కడే, ఈ గట్టు మీదే ఆవిరైపోతుంది.

"ఏటవుతాదండి రాజుగోరూ, ఆకే కదండి. ఏమీ అవదండి. శుభ్రంగా ఉంటాదండి" అన్నాడు.

తాటాకు గొడుగు పట్టుకుని దూరంగా కూర్చున్న వెంకటనరసమ్మగారు, "నా కాలికోసం చెరువు జోలికి పోకురా అబ్బాయీ" అన్నారు. కొడుకు నవ్వి ఊరుకున్నాడు. ఏసోబు కుండ ఎత్తుకుని గబగబా నడిచాడు. ఆవిడ తనవైపు చూస్తోందని వీపుకి తెలుస్తోంది.

*

మర్నాడు పొద్దు పొడిచేసరికి పేటలో ఆడా మగా అందరూ ఊరి చెరువు గట్టున ఉన్నారు. ఏసోబు తలగుడ్డ కొత్తగా చుట్టుకున్నాడు. పొడుగాటి మోకులు ముడేసి, వాటికి ఎండుగడ్డి పేని లావు చేయించాడు. ఒక కొస తూర్పు గట్టున, రెండో కొస పడమటి గట్టున పట్టుకున్నారు. మధ్యలో మగవాళ్ళు నడుంలోతు నీళ్ళలో వరసగా నిలబడి, మోకుని ఆకు వెనక ఆనించి తోస్తూ నడిస్తే, చెరువు మీది పచ్చదనమంతా చాప చుట్టినట్టు చుట్టుకుంటూ రేవుకి రావాలి. రేవులో ఆడవాళ్ళు బుట్టలకెత్తి గట్టున పొయ్యాలి.

మొట్టమొదట దిగింది ఏసోబే. మామూలు రోజుల్లో ఆ రేవు మెట్ల దరిదాపులకి వస్తే నిలబెట్టి కేకలేసేవారు. ఇవాళ మునసబుగారు గొడుగు కింద నిలబడి "దిగరా, దిగు" అంటున్నారు. జలగలకి, బురదకి ఊళ్ళోవాళ్ళు దిగరు కదా. ఆకు తీసేశాక పూజారిగారు పసుపునీళ్ళు చల్లి శుద్ధి చేస్తారని ముందే అనుకున్నారు. ఆ మాట ఏసోబు విన్నాడు. విననట్టు నటించడం చిన్నప్పటినించి అలవాటే. చల్లదనం మోకాళ్ళు దాటి నడుముకి ఎక్కింది. ఎవరూ చూడకుండా ఒక్క దోసెడు తీసి నోట్లో పోసుకున్నాడు. తమ చెరువు నీళ్ళకన్నా గొప్పగా ఏమీ లేవు. అయినా ఒళ్ళు ఝల్లుమంది.

పని బాగా సాగింది. ఏసోబు గొంతు అంత పెద్దదని పేటలో ఎవరికీ తెలియదు. "తూరుపోళ్ళు వదలండి! పడమటోళ్ళు లాగండి!" అంటూ అటూ ఇటూ ఈదినంత పని చేశాడు. అతని భార్య దానమ్మ రేవులో బుట్టలకెత్తుతోంది. ఆమె పక్కన సూరమ్మ. సూరమ్మకి ఎడమకాలు బోదకాలు. కూలికి ఎవరూ పిలవకపోయినా కుంటుకుంటూ వచ్చింది. "ఈ వేళ్ళలోంచే వచ్చిందంట కదమ్మా నా కాలు. ఒక్క మొక్క మిగలనివ్వను" అంటూ ప్రతి మొక్కా విదిలించి మరీ బుట్టలో పడేసింది. విదిలించినప్పుడల్లా రొయ్యపిల్లలు, వేలెడేసి కొరమేనులు, నత్తలు జలజల రాలాయి. గట్టు మీద అవి ఎగిరెగిరి పడుతుంటే కాకులు పండగ చేసుకున్నాయి.

సగం చెరువు తేలాక, ఆకుల నడుమ తామరకోడి ఒకటి కీచుమంటూ లేచింది. దాని గుడ్లు ఒక గుబురు మీద ఉన్నాయి. దానమ్మ ఆ గుబురుని బుట్టలోకి తియ్యకుండా మెల్లిగా ఒడ్డువారకి నెట్టింది.

"అదేటి, వదిలేశావు? మొత్తం తియ్యాలి!" అని ఏసోబు అరిచాడు. మునసబుగారు వింటున్నారు మరి.

దానమ్మ తలెత్తి మొగుడి మొహం చూసింది. గుడ్లు కొంగులోకి తీసుకుని, గుబురుని బుట్టలో వేసింది. గుడ్లు పెట్టడానికి చుట్టూ చూసింది, ఎక్కడా చోటు కనపడలేదు. చివరికి గట్టు మీద గడ్డిలో పెట్టింది. అవి సాయంత్రందాకా ఉండవని ఆమెకి తెలుసు, ఏసోబుకీ తెలుసు.

సాయంత్రానికి చెరువు బోసిగా మిగిలింది. రేగిన బురద ఇంకా తేరుకోలేదు. గట్టు పొడుగునా ఆకు గుట్టలు. రాజుగారు గట్టంతా నడిచి చూసి, "శభాష్‌రా మేస్త్రీ" అన్నారు. ఆ మాట పేటవాళ్ళంతా విన్నారు. దానికోసమే కదా ఏసోబు పొద్దుటినించీ గొంతు చించుకున్నది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే దానమ్మ చెంబు అందిస్తూ అడిగింది: "ఎండల్లో ఆకంతా ఊడ్చేస్తే నీళ్ళేటవుతాయో రాజుగోరికి చెప్పలేదా నువ్వు?"

ఏసోబు ఇంకోసారి పాదాలు రుద్దుకున్నాడు. తరవాత, "చెప్పకేం? చెప్పాను. ఆయనగోరు వినిపించుకుంటేనా" అన్నాడు.

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి అతనికే ఆశ్చర్యమేసింది. దానమ్మ మొహంలో పొద్దుటి ముడి విడిపోయింది. "అదీ! నేనేటో అనుకున్నాను" అంది. "పోన్లే, చెప్పడం నీ వంతు. మరి మన చెరువో?"

"అది ఆఖర్న చూద్దాంలే. తొందరేటి?" అన్నాడు. లోపల మాత్రం, తమ చెరువు ఆకు మీద వానలు పడేదాకా చెయ్యి పడనివ్వకూడదని పనికి ఒప్పుకున్న క్షణంలోనే అనుకున్నాడు. ఊరి చెరువు ఏమైనా కానీ, తమ నీళ్ళు తమకుంటాయి. ఆ లెక్క తలుచుకుని కాస్త గర్వపడ్డాడు కూడా. ఎవరికీ చెప్పుకోలేని గర్వం.

*

ఊరి చెరువు ముందు రంగు మారింది. బురద తేరుకున్నట్టే తేరుకుని, ఎండ సూటిగా అడుగుదాకా దిగేసరికి నీళ్ళు లేత ఆకుపచ్చ తిరిగాయి. ఊరి ఆడవాళ్ళు బిందెల్లో చిల్లగింజ అరగదీసి చూశారు, బట్ట నాలుగు మడతలు పెట్టి వడకట్టి చూశారు. పచ్చదనం పోలేదు. మధ్యలో ఒక పెద్ద జల్లు కొట్టి ఆగిపోయింది. గట్టున కుళ్ళుతున్న ఆకు గుట్టల్లోంచి నల్లటి రసం చెరువులోకే దిగింది. ఆ మర్నాడు చేపలు తెల్లగా వెల్లకిలా తేలాయి. వాటి మీద ఈగలు. గాలి అటు తిరిగితే వాసన పేటదాకా వచ్చేది.

రాజుగారు రెండు బండ్ల మీద పీపాలు కట్టించి ఎక్కడెక్కడికో నీళ్ళకి పంపించారు. కాలవలు కట్టేసి ఉన్న రోజులు. పక్క ఊళ్ళవాళ్ళు మాత్రం ఎన్నాళ్ళిస్తారు? ఒక ఊరి నుంచి బండ్లు ఖాళీగా తిరిగొచ్చాయి. ఊళ్ళో పిల్లలకి వాంతులు పట్టుకున్నాయి. వెంకటనరసమ్మగారు మంచం పట్టారని, ఏది తాగినా నిలవడం లేదని తెలిసింది.

ఏసోబుకి ఆ కబురు పొలం గట్టు మీద తెలిసింది. ఎందుకో గొడుగు కింద కూర్చున్న ఆవిడే కళ్ళముందు కనపడింది. పని మానేసి ఇంటికి వచ్చాడు. తమ చెరువు రేవులో దానమ్మ కడవ ముంచుతోంది. ఆకు జరిగి దారిచ్చి మళ్ళీ కమ్ముకుంది. రోజూ చూసేదే. ఇవాళ చూడలేకపోయాడు.

ఆదివారం ప్రార్థనలో అహరోను ఉపదేశి ఊరి కష్టం గురించి ప్రార్థించాడు. వాళ్ళు మనల్ని ఎలా చూసినా వాళ్ళ దాహం మన దాహమే అన్నాడు. అంతటితో ఆగితే బాగుండును. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "పెద్దల ముందు నిలబడి నిజం చెప్పడం తేలిక కాదు. మన ఏసోబు చెప్పాడు. వాళ్ళు వినలేదు, అది వేరే సంగతి. అటువంటి మనిషిని మన సంఘంలో ఉంచినందుకు ప్రభువుకి స్తోత్రం" అన్నాడు.

అందరూ తలలు తిప్పి చూశారు. సూరమ్మ చేతులు జోడించింది. దానమ్మ తలొంచుకుంది, కానీ పెదవుల చివర నవ్వు ఏసోబుకి కనపడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె తన గురించి అలా నవ్వగా అతను చూడలేదు. చాప మీద కూర్చున్నవాడు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. లేచి, "లేదండి, నేను చెప్పలేదండి" అనడానికి నోరు తెరిచాడు కూడా. అప్పటికే కీర్తన ఎత్తుకున్నారు. అందరితో పాటు తనూ పాడాడు.

*

వాళ్ళు వచ్చింది ఆ మర్నాడే. ముందు అబ్బాయిరాజుగారు, వెనక ఊరి పెద్దలు, వాళ్ళ వెనక జగ్గారావు. పుంత దాటి పేట వైపు ఊరి పెద్దలు నడిచి రావడం పేటలో పెద్దవాళ్ళకి కూడా గుర్తులేదు. ఎవరి గుమ్మంలో వాళ్ళు లేచి నిలబడ్డారు. రాజుగారు నేరుగా చెరువు గట్టెక్కారు. కర్రతో ఆకు పక్కకి తోసి వంగి చూశారు. మనిషి బాగా నలిగిపోయి ఉన్నాడు, గడ్డం మాసింది.

"అద్దంలా ఉన్నాయిరా నీళ్ళు" అన్నారు, ఎవరితోనూ కాదు, తనలో తనే.

పేటవాళ్ళు కాస్త దూరంలో గుంపుగా చేరారు. దానమ్మ ఏసోబు పక్కనే నిలబడి, "పాపం, పెద్దమ్మగోరికి కావాలి కామోసు. అడిగితే ఇవ్వమా? ఎన్ని కడవలైనా మోసుకెళ్ళి గుమ్మంలో పెడతాం" అని మెల్లిగా అంది.

కానీ అడగడానికి వచ్చినవాళ్ళు కాదు వాళ్ళు. రాజుగారు పెద్దలతో ఏదో మాట్లాడుకుని, ఇటు తిరిగి, మెత్తగానే చెప్పారు. ఇది పోరంబోకు చెరువు. కాగితాల ప్రకారం ఎవరిదీ కాదు, అందరిదీ. కాలవ వదిలేదాకా ఊరి ఆడవాళ్ళు ఇక్కడ ముంచుకుంటారు. రేపు పూజారిగారు వచ్చి శుద్ధి చేస్తారు. చేశాక పేటవాళ్ళెవరూ రేవులో దిగకూడదు. "మీకేం లోటు రానివ్వంలే. గట్టు మీద నిలబడితే మావాళ్ళు మీ కడవల్లో పోస్తారు" అన్నారు.

అహరోను ఉపదేశి ముందుకొచ్చాడు. ఆయనకి పేటలోకెల్లా కాస్త చదువుంది, మాట మర్యాద ఉంది. చేతులు కట్టుకుని, "చిత్తమండి రాజుగారూ. నీళ్ళు వాడుకోండి, మాకు అభ్యంతరం లేదండి. కానీ మా చెరువులో మమ్మల్ని దిగొద్దంటే ఎలాగండి? తప్పు మావాళ్ళది కాదు కదండి. ఆకు తీస్తే నీళ్ళు చెడతాయని మా ఏసోబు ఆనాడే మీకు మనవి చేశాడు. మీరు కాదన్నారు. మీరు వినకపోతే మా చెరువు పోవాలాండి?" అన్నాడు.

రాజుగారు తెల్లబోయారు. "ఎవరు చెప్పారు? వీడా?" అని ఏసోబు వైపు చూశారు. "ఏరా, నాకు చెప్పావా నువ్వు?"

ఊరు ఒక పక్క, పేట ఒక పక్క. చెప్పానంటే ఆ గట్టు మీద ఉన్న పెద్దలంతా అబద్ధమంటారు. జగ్గారావు ముందుగా అంటాడు. చెప్పలేదంటే అహరోను నిలబెట్టిన వాదం కూలిపోతుంది. చెప్పానని గట్టిగా బొంకేద్దామా అని ఒక్క క్షణం అనుకున్నాడు. పేట తరఫున బొంకితే పుణ్యమేనేమో. తల తిప్పాడు. దానమ్మ అతని మొహంలోకి చూస్తోంది. ఆ చూపులో అనుమానం లేదు, అదే వచ్చిన చిక్కు. చెప్పు, చెప్పు అన్నట్టు ఆమె గడ్డం కాస్త పైకి ఎత్తింది.

"లేదండి" అన్నాడు. "ఏమీ అవదన్నానండి."

"గట్టిగా చెప్పు."

"ఆకు తీస్తే ఏమీ అవదని నేనే అన్నానండి రాజుగోరూ. అవుతాదని తెలుసండి. తెలిసే అన్నానండి."

పేటవాళ్ళ గుంపులో చిన్న కదలిక. అహరోను కళ్ళద్దాలు తీశాడు, తుడుచుకోలేదు, చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. దానమ్మ గడ్డం మెల్లిగా కిందకి దిగింది. ఏసోబు ఇంకేమీ చూడదలుచుకోలేదు. రాజుగారు కర్ర ఎత్తి నాలుగు తగిలిస్తే బాగుండుననుకున్నాడు. వీపు వంచి, తగలడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

కర్ర లేవలేదు. రాజుగారు చెరువు వైపు తిరిగారు. "వాడొక్కడే ఏమిట్లే. మా అమ్మ చెప్పింది, జగ్గారావు చెప్పాడు. నేను విన్నానా?" అన్నారు. తరవాత ఏదో తట్టినట్టు తలెత్తి, "అయితే ఇదెందుకు తియ్యలేదురా? మీ చెరువు ఆకు?" అని అడిగారు.

ఏసోబు చూపు ఆకు మీదకి దించాడు.

"వీడికి ముందుచూపు ఉంది. అక్కడ పోయినా ఇక్కడ మిగలాలని అట్టేపెట్టాడు. లేకపోతే ఇవాళ ఊరు ఏమైపోను?" అని పెద్దలతో అన్నారు. వెటకారం కాదు. ఆయన నిజంగానే అన్నారు, అదే ఏసోబుకి కర్రదెబ్బకన్నా గట్టిగా తగిలింది. పైన వేసుకున్న కండువా తీసి ఏసోబు చేతులు తగలకుండా పైనించి అతని దోసిట్లోకి వదిలారు. "ఇవాళ్టినించి ఈ రేవు కాపలా నీది. మీవాళ్ళు దిగకుండా చూడు. ఏ మొక్కా ఎవరూ లాగకుండా చూడు. కాలవ వదిలేదాకా వేరే పనికి పోకు."

కండువా వద్దనడానికి ఏసోబుకి ధైర్యం చాలలేదు. ధైర్యమే ఉంటే సంగతి ఇంతదాకా ఎందుకొస్తుంది?

"కాలవ వదిలాక మా చెరువు మాకిచ్చేస్తారాండి?" అని అహరోను అడిగాడు. గొంతులో ఇంతకుముందున్న నిటారుతనం లేదు.

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలే ఉపదేశీ" అని రాజుగారు మర్యాదగానే చెప్పి, గట్టు దిగి పుంత వైపు నడిచారు.

ఇంటికి పోయాక దానమ్మ తిడుతుందని ఏసోబు ఎదురుచూశాడు. తిడితే కాళ్ళు పట్టుకుందామనుకున్నాడు. ఆమె గంజి వార్చింది, కంచం పెట్టింది, పచ్చడి వేసింది. కండువా దండెం మీద ఉంటే దాన్ని తాకకుండా పక్కనున్న చీర తీసుకుంది. ఏసోబు రెండు ముద్దలు తిని, "దానమ్మా" అన్నాడు.

"అహరోనుగోరు మొన్న రాత్రి నాదగ్గరికొచ్చి అడిగితే, చెప్పాడండి, నాతో అన్నాడండి అని నేనే చెప్పాను. అందుకే ఆయన ప్రార్థనలో అంత గట్టిగా అన్నాడు" అంది. గొంతులో కోపం లేదు. "రాజుగోరికి చెప్పకపోతే మానె. భయం. నాకు కూడా భయపడ్డావా?"

జవాబుకోసం ఆగలేదు. కంచం తీసుకుని దొడ్లోకి వెళ్ళింది.

*

పూజారిగారు పొద్దున్నే వచ్చి మామిడి మండతో పసుపునీళ్ళు చల్లి, నాలుగు మంత్రాలు చదివి వెళ్ళిపోయారు. అంతరతామర ఆకుల మీద పసుపు చుక్కలు కాసేపు నిలిచి జారిపోయాయి. ఏసోబు కర్ర పట్టుకుని రేవు పక్కన నిలబడ్డాడు. కండువా వేసుకోకపోతే రాజుగారు అడుగుతారు, వేసుకుంటే పేట చూస్తుంది. చివరికి మడిచి చంకలో పెట్టుకున్నాడు.

ఊరి ఆడవాళ్ళు బిందెలతో బారులు తీరారు. మొదట్లో మొహాలు చిట్లించారు. చల్లటి నీళ్ళు చేతికి తగిలాక మాటలు కలిశాయి. ఆకుని చేత్తో తోస్తే జరిగి దారిచ్చింది. వాళ్ళకీ ఇచ్చింది. వెంకటనరసమ్మగారికి వేరే బిందె తీసుకుపోతున్నామని, పొద్దున గంజి నిలిచిందని ఒకావిడ చెప్పుకుంటుంటే ఏసోబు విన్నాడు. మంచి కబురే. సంతోషించడానికి ప్రయత్నం చేశాడు.

పేట ఆడవాళ్ళు గట్టు మీద ఎండలో నిలబడ్డారు. మట్టి కడవలు కాళ్ళ దగ్గర పెట్టుకుని, తమ చెరువు వైపు చూస్తూ, ఎవరైనా తీరిక చేసుకుని పోస్తారని. పొద్దెక్కింది. సూరమ్మ నిలబడలేక గడ్డిలో కూలబడి బోదకాలు చాపుకుంది. ఏసోబు ఆమె కడవకోసం చెయ్యి చాచాడు. ఆమె కడవని తనవైపుకి లాక్కుంది.

"వద్దు నాయనా. నువ్వు కాపలా చేసుకో" అంది.

చాచిన చేతిని ఏం చెయ్యాలో తెలియక ఏసోబు కర్రని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. దిగి పది కడవలు ముంచివ్వడం ఎంత పని? ఈ రేవులో చిన్నప్పటినించి దిగినవాడు. కానీ దిగితే మళ్ళీ శుద్ధి అంటారు, ఊరి ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో పోతారు, ఆ మంచం మీది ముసలమ్మకి నిలిచిన గంజి మళ్ళీ నిలవదు. ఇదంతా నిజమే. ఇదంతా తనకి కలిసొచ్చే నిజమని కూడా అతనికి తెలుసు.

ఊరి ఆడవాళ్ళు పల్చబడ్డారు. చివరికి ఒకావిడ బిందె పక్కన పెట్టి, చెంబుతో నీళ్ళు తీసుకుని, "రండర్రా, పోస్తాను" అని పిలిచింది. పేట ఆడవాళ్ళు ఒక్కొక్కరే గట్టు దిగి, రేవుకి ఆమడ దూరంలో ఉన్నట్టు ఒదిగి నిలబడి, కడవ చాచి పట్టుకుని, పోయించుకుని వెళ్ళారు. ఎవరూ ఏసోబు వైపు చూడలేదు.

దానమ్మ వంతు వచ్చింది. నడిచే దారిలో ఏసోబు అడ్డంగా ఉన్నాడు; అతనికే తెలియదు. ఆమె కడవ చంకనెత్తుకుని అతని ముందుకొచ్చి ఆగింది. ఇప్పుడైనా ఒక తిట్టు తిడుతుందేమోనని ఏసోబు ఆశగా తలెత్తాడు.

దానమ్మ పైట భుజం చుట్టూ కప్పుకుని, చూపు నేల మీదకి దించి, ఊళ్ళో పెద్దలతో మాట్లాడే గొంతుతో అంది:

"కొంచెం పక్కకి జరగండి బాబూ. నీళ్ళు పోయించుకోవాలి."

ఏసోబు జరిగాడు.